ఎంత మోసినా తరగని ఇల్లు

ఆ రోజు ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. లారీ వస్తుంది, సామాను ఎక్కుతుంది, ఇల్లు ఖాళీ అవుతుంది, సాయంత్రం రైలుకి నలుగురూ కొత్త ఊరికి బయల్దేరతారు. ఇందులో పొరపాటు దూరడానికి సందెక్కడుందా అని మేజరుగారి భార్య తెల్లవారుజాము నుంచీ వెతుకుతూనే ఉంది. కనపడలేదు. కనపడకపోవడం చూసి ఆవిడ ధైర్యం తెచ్చుకుంది. అక్కడే తప్పులో కాలేసింది.

మేజరుగారు బయట మేజరే గానీ ఇంట్లో మైనరు. యూనిట్లో ఆయన గొంతు విప్పితే మైదానం అవతలి చివర నిలబడ్డవాడు కూడా మడమలు కలిపేవాడు. అదే గొంతు ఇంటి గుమ్మం దాటేసరికి "ఇంకో కప్పు కాఫీ దొరుకుతుందా?" అని అడగడానికి కూడా రెండుసార్లు సవరించుకోవలసి వచ్చేది. మైనరు కనుక సామాను సర్దే విషయంలో ఆయనకు ఓటు హక్కు లేదు.

"మీరు ఆఫీసుకెళ్ళి ఆ చార్జేదో అప్పగించేసి రండి," అంది భార్య, పరుపు చుట్టకు తాడు బిగిస్తూ.

"నేనుంటే ఏదైనా సాయం..."

"మీరు వెళ్ళడమే సాయం."

మేజరుగారు టోపీ పెట్టుకుని వెళ్ళిపోయారు.

ఆ ముందు రోజు ఆ ఇంట్లో అత్తాకోడళ్ళ మధ్య పెద్ద యుద్ధం జరిగింది. కారణం ఒక ముక్కాలి పీట. దానికున్న మూడు కాళ్ళలో ఒకటి పాత ఊళ్ళోనే పోయింది. పారేద్దామంది కోడలు. "కాలు విరిగితే పారేస్తారా? రేపు నా కాలు విరిగితే నన్నూ ఇక్కడే వదిలేసి పోతారా?" అంది అత్తగారు. అక్కణ్ణుంచి మాట మాట పెరిగి, కోడలు దాచుకున్న ఖాళీ డబ్బాల మీదికి, అత్తగారు దాచుకున్న పాత గడియారాల మీదికి పాకింది. చివరికి మేజరుగారు మధ్యలో దూరి సంధి కుదిర్చారు. ఇక మీద ఎవరి సామాను గురించీ ఇంకొకరు పల్లెత్తు మాట అనకూడదు, ఇదేమిటని అడగనూ కూడదు. ఇద్దరూ ఒప్పుకున్నారు. మేజరుగారు తన ఉద్యోగ జీవితం మొత్తంలో కుదిర్చిన సంధి అదొక్కటే. తర్వాత జరిగిన అనర్థానికి మూలం కూడా అదే.

ఇక నాలుగో మనిషి, పదేళ్ళ కూతురు. పిట్ట ప్రాణమని నానమ్మ పెట్టిన ముద్దుపేరు పిచ్చుక. స్కూలు నుంచి కాగితాలు తెచ్చుకోవడానికి తల్లితో బయల్దేరుతూ, చెప్పుల బకిల్ పెట్టుకుంటూ, మామూలు మాట చెప్పినట్టు చెప్పింది.

"అమ్మా, కొత్త ఊళ్ళో నేనెవరితోనూ మాట్లాడను."

"అదేంటే?"

"మాట్లాడితే ఫ్రెండ్సయిపోతారు. ఫ్రెండ్సయ్యాక నాన్నకి బదిలీ అవుతుంది. ఎందుకొచ్చిన గొడవ?"

పెద్దావిడలా చేతులు దులుపుకుంది. తల్లికి నవ్వు రాలేదు. పరుపులకు తాళ్ళు కట్టడం ఆవిడకు వచ్చు, గాజు సామాను పగలకుండా సర్దడం వచ్చు. ఇలాంటి దాన్ని ఎలా కట్టాలో, ఎందులో పెట్టాలో మాత్రం ఎన్ని ఊళ్ళు మారినా పట్టుబడలేదు. కూతురి చెయ్యి పట్టుకుని నడిచింది.

వాళ్ళు అటు వెళ్ళగానే ఇటు వెనక సందులోకి ఒక లారీ వచ్చి ఆగింది.

ఆ ఇంటికి రెండు గుమ్మాలు. ముందు గుమ్మం పెద్ద వీధిలోకి, వెనక గుమ్మం సన్నటి సందులోకి. మర్నాడు ఆ ఇంట్లో దిగవలసిన కొత్త మేజరుగారి సామాను లారీ ఒక రోజు ముందే ఊళ్ళోకి వచ్చేసి, కాపలా మనిషి కుడి అంటే ఎడమకు తిరిగి, ఈ సందులో తేలింది. డ్రైవరు, అతని బావమరిది దిగారు. వెనక గుమ్మంలో నిలబడ్డ అత్తగారు వాళ్ళను చూడగానే వెలిగిపోయింది.

"మేజరుగారి ఇల్లు ఇదేనామ్మా?"

"ఇదే నాయనా."

"సామాను లారీ వచ్చిందమ్మా."

"రండి, రండి. మీ కోసమే కళ్ళు కాయలు కాసేలా చూస్తున్నాం. ఆలస్యమెందుకు, కానివ్వండి."

డ్రైవరు లోపలికి తొంగి చూశాడు. "లోపలింకా సామానుంది కదమ్మా?"

"ఉండదా మరి? అందుకేగా మిమ్మల్ని రమ్మన్నది!"

డ్రైవరుకు ఈ జవాబు పూర్తిగా అర్థం కాలేదు. కానీ రాత్రంతా బండి నడిపినవాడు, పైగా పెద్దావిడతో వాదన. బావమరిదికి సైగ చేశాడు. వాడు లారీ వెనక తలుపు దించాడు. అత్తగారు నిశ్చింతగా ముందు గదిలోకి వెళ్ళి, గాజు గ్లాసులకు పాత పేపర్లు చుట్టుకుంటూ కూర్చుంది.

కాసేపటికి కోడలు, మనవరాలు తిరిగొచ్చారు. సరిగ్గా అప్పుడే వాళ్ళు మాట్లాడుకున్న అసలు లారీ ముందు వీధిలో ఆగింది. దాంట్లోంచి మేస్త్రీ, నలుగురు కూలీలు దిగారు. మేస్త్రీ మితభాషి. చెప్పిన బరువు ఎత్తడం అతని పని. చూసిన వింతలు చెప్పడం కూలిలో భాగం కాదని అతని అభిప్రాయం.

"అత్తయ్యా, లారీ వచ్చింది," అంది కోడలు.

"తెలుసే. పని కూడా మొదలెట్టేశారు."

ఇంత చురుకైన కూలీలు దొరికినందుకు కోడలు లోలోపల మురిసిపోయింది. లారీ పక్కనే నిలబడి ఏది ముందు, ఏది వెనక అని చెప్పసాగింది. పిచ్చుక పుస్తకాల సంచీ ఒళ్ళో పెట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా ఉండడం ఇప్పట్నుంచే అలవాటు చేసుకుంటూ, వెనక గుమ్మం మెట్టు మీద కూర్చుంది.

ఇంటి నడిమి గదిలో రెండు జట్లూ ఎదురుపడ్డాయి. వెనక నుంచి వచ్చిన డ్రైవరు, బావమరిది అక్కడ ఒక మంచం దించి చెమట తుడుచుకున్నారు. ముందు నుంచి వచ్చిన కూలీలు ఆ మంచం ఎత్తుకున్నారు. వీళ్ళెవరో వెనక గదుల్లోంచి సామాను తెచ్చి అందిస్తున్నారు, ఇంటివాళ్ళు మంచి ఏర్పాటే చేశారు అనుకున్నాడు మేస్త్రీ. వీళ్ళెవరో దించిన సామానుకి చోటు చేస్తున్నారు, ఈ ఊరివాళ్ళు మంచివాళ్ళు అనుకున్నాడు డ్రైవరు. ఒకరినొకరు చూసి గౌరవంగా తలలూపుకున్నారు. ఆ తర్వాత పని పరుగందుకుంది.

కోడలు చూస్తుండగా ముందు గుమ్మంలోంచి ఒక సైకిలు వచ్చింది. ఎంత తొక్కినా ఉన్నచోటే ఉండే రకం, వ్యాయామం సైకిలు. ఆవిడ నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది. మొన్ననే మేజరుగారి బెల్టు ఒక కన్నం ముందుకు జరిగింది. ఆ సంగతి తను నవ్వుతూ నలుగురిలో అనేసింది కూడా. 'పాపం, మనసుకు తగిలినట్టుంది. నాకు తెలియకుండా కొనుక్కుని ఎక్కడో దాచుకున్నారు' అనుకుంటే ఆవిడ కళ్ళు చెమర్చాయి. "దాన్ని జాగ్రత్తగా పెట్టు మేస్త్రీ," అంది.

ఆ వెనకే నిలువెత్తు అద్దం ఒకటి వచ్చింది, ఇద్దరు పట్టుకుంటే గానీ కదలనిది. అది కచ్చితంగా అత్తగారి భాండాగారంలోదే అయి ఉండాలి. కోడలు నాలుక కరుచుకుంది. సంధి అంటే సంధే. లోపల అత్తగారు కూడా తన ముందు నుంచి వెళ్తున్న గులాబీరంగు తెరల మూటను, ఎన్నడూ చూడని ఇత్తడి పూలకుండీని చూసి, 'ఇవన్నీ ఎప్పుడు కొందో మహాతల్లి' అనుకుని గ్లాసుల వైపు తల తిప్పేసుకుంది.

అప్పుడు వచ్చింది ఉయ్యాల.

పసిపిల్లల్ని పడుకోబెట్టే చెక్క ఉయ్యాల. నగిషీలు చెక్కింది, నున్నగా వార్నిషు వేసింది. అత్తగారి చేతిలో గ్లాసు ఆగిపోయింది. పిచ్చుక పదేళ్ళది. దాని ఉయ్యాల ఏ ఊళ్ళోనో ఎవరికో ఇచ్చేశారు. మరి ఇప్పుడీ కొత్త ఉయ్యాల ఎందుకు కొన్నట్టు? పైగా పొద్దున్న కోడలు టిఫిను వద్దంది. నిన్న కోపం ఎక్కువగా చేసింది. అత్తగారు వేళ్ళు ముడిచి ఏదో లెక్క చూసుకుంది. ముఖం చేటంతయింది. గ్లాసు పక్కన పెట్టి గబగబా బయటికి వచ్చింది.

"అమ్మాయ్, ముందా బరువు కింద పెట్టు."

"బరువేంటి అత్తయ్యా, దిండేగా!"

"దిండైనా సరే. నువ్వెత్తకూడదు. ఇలా కూర్చో. కాళ్ళు పైన పెట్టుకో."

ఎక్కడినుంచో కుర్చీ వచ్చింది, కాళ్ళకింద పెట్టె వచ్చింది, చేతికి మంచినీళ్ళు వచ్చాయి. కోడలు బిత్తరపోయింది. కాపురానికి వచ్చాక అత్తగారు తనని కూర్చోమనడం ఇదే మొదటిసారి కాకపోవచ్చు గానీ, కాళ్ళు పైన పెట్టుకోమనడం మాత్రం ఇదే మొదటిసారి.

"ఏమైంది అత్తయ్యా?"

"నాకు ముందే ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయేది?"

"దేని గురించి?"

"సరేలే. అడగకూడదుగా." అత్తగారు కన్ను గీటింది. "నాకేం తెలియదు. నేనేం చూడలేదు. నువ్వు మాత్రం లేచావంటే ఊరుకోను."

పీట గొడవకి పశ్చాత్తాపపడుతున్నట్టుంది అనుకుంది కోడలు. పెద్దావిడ మనసు కష్టపెట్టడం ఎందుకని అలాగే కూర్చుంది. ఆవిడ లేచి ఒక్కసారి లోపలికి వెళ్ళి ఉంటే కథ అక్కడితో అయిపోయేది.

కొంతసేపటికి మేస్త్రీ వచ్చి నిలబడ్డాడు.

"అమ్మగారూ, లారీ నిండిపోయింది."

"మరి ఇల్లు?"

"అదీ నిండుగానే ఉందండీ."

"అదెలా కుదురుతుంది?"

మేస్త్రీ ఆలోచించాడు. ఆలోచన అతని కూలిలో లేదు. "ఎంత మోసినా తరగట్లేదమ్మా. మంచి ఇల్లు," అన్నాడు గౌరవంగా.

కోడలు లేవబోయింది. అత్తగారు భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టింది. చేసేది లేక ఆవిడ మేజరుగారికి ఫోన్ చేసింది.

మేజరుగారు అప్పుడు కర్నలుగారి గదిలో ఉన్నారు. చార్జి అప్పగించడం దాదాపు పూర్తయింది. కర్నలుగారు టీ తాగుతూ వీడ్కోలు మాటలు చెబుతున్నారు.

"ఏవండీ, ఒక లారీ చాలదు. ఇంకోటి పంపించండి."

"అదేంటి? పోయినసారి ఇంకా చోటు మిగిలిందిగా?"

"పోయినసారి మీ సైకిలు లేదు కదండీ." భార్య గొంతు మెత్తబడింది. "నాకన్నీ తెలిసిపోయాయిలెండి. నాతో చెబితే నేనేమైనా అనేదాన్నా?"

"ఏ సైకిలు?"

అంతలో అత్తగారు ఫోన్ లాక్కుని స్నానాల గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఫోన్లో మాట్లాడేటప్పుడు అవతలి ఊరిదాకా తన గొంతే వెళ్ళాలని ఆవిడ నమ్మకం. కాబట్టి కర్నలుగారికి కూడా అంతా స్పష్టంగా వినపడింది.

"ఒరేయ్! అదంటే సిగ్గుపడి చెప్పలేదనుకో, నువ్వైనా చెప్పాలా వద్దా? ఉయ్యాల నా కళ్ళారా చూశాన్రా!"

"ఏ ఉయ్యాలమ్మా?"

"ఇంకా దాస్తావేం? నీళ్ళోసుకున్న పిల్లని ఇవాళ రైలెక్కించి ఊరు మారుస్తావా? నీకు బుద్ధుందా? మీ పెద్దాయనకి లేదా?"

ఫోన్ పెట్టేసింది. మేజరుగారి ముఖంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు. భార్యకు నెల తప్పిన సంగతి తల్లికి తెలిసి, కర్నలుకు తెలిసి, తనకు తెలియకపోవడం ఎలా సంభవమో ఆయనకు అంతుపట్టలేదు.

"అభినందనలయ్యా!" కర్నలుగారు లేచి ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశారు. ఆయన నలుగురు పిల్లల తండ్రి. "ఇంత శుభవార్త దాచుకుని చార్జి అప్పగిస్తున్నావా? మీ అమ్మగారు అడిగింది సబబే. ఇలాంటప్పుడు ప్రయాణాలేంటి?"

"సార్, నాకసలు..."

"నువ్వు మాట్లాడకు. నేను చూసుకుంటాను."

కర్నలుగారు మాటంటే మాటే. అక్కడికక్కడే పై ఆఫీసుకి ఫోన్ చేసి బదిలీ ఆపమన్నారు. వాళ్ళు సరేనన్నారు. సైన్యంలో ఏ పనీ ఇంత త్వరగా జరగదు, జరగకూడనిది తప్ప. అయితే అంతకు ముందే, ఇంకో లారీ కావాలన్న మాట చెవిన పడగానే, ఆయన బల్ల మీది గంట నొక్కి, సామాను సాయానికి ఒక సైనిక ట్రక్కును, ఆరుగురు జవాన్లను మేజరుగారింటికి పంపమని పురమాయించి ఉన్నారు. బదిలీ ఆగింది గానీ ట్రక్కు ఆగలేదు.

ముందు వీధిలో నిండు లారీ అడ్డంగా ఉండటంతో ట్రక్కు వెనక సందులోకి వెళ్ళింది. అక్కడ జవాన్లకి తలుపు తీసి ఉన్న లారీ ఒకటి, అందులో సగానికి సగం సామానూ కనిపించాయి. 'మేజరుగారి సామాను ఎక్కించండి' అన్నది వాళ్ళకిచ్చిన ఆజ్ఞ. ఇంట్లోంచే ఎక్కించాలని అందులో లేదు. లారీ వెనకభాగాన్నీ ట్రక్కు వెనకభాగాన్నీ ముఖాముఖీ పెట్టి, చేతులు మార్చుకుంటూ, పాట పాడుకుంటూ కళ్ళు మూసి తెరిచేలోగా మొత్తం మార్చేశారు.

వంటింట్లో మంచినీళ్ళు తాగి వచ్చిన డ్రైవరు, బావమరిది ఖాళీ లారీని చూసి నిలబడిపోయారు.

"బావా, మనం అంతా దించేశామా?"

డ్రైవరు తల గోక్కున్నాడు. "దించే ఉంటాం. ఒళ్ళు నొప్పులు చూస్తే అలాగే ఉంది."

సరిగ్గా ఆ సమయానికే ముందు వీధిలో ఒక కారు ఆగింది. కొత్త మేజరు, ఆయన భార్య, వాళ్ళ పెద్దమ్మాయి, ఆరు నెలల పాప. పాప కారు కదులుతుంటేనే నిద్రపోతుందని ఎక్కడా ఆపకుండా నడిపి, మర్నాడు రావలసినవాళ్ళు ఇవాళే వచ్చేశారు. పెద్దమ్మాయి ఏడ్చి ఏడ్చి ఉబ్బిన ముఖంతో దిగి, ఎవరివైపూ చూడకుండా ఇంటి పక్కగా వెనక్కి వెళ్ళిపోయింది. కొత్త మేజరు భార్య పాపను భుజాన వేసుకుని లారీ వైపు చూసింది.

"ఏవండీ, ఆ లారీ మీద మన ఉయ్యాలండీ!"

"ఉయ్యాలలన్నీ ఒకేలా ఉంటాయి."

"అది మీ సైకిలు కాదూ?"

"సైకిళ్ళు కూడా అంతే."

"మా అమ్మ ఇచ్చిన అద్దం! పై మూల పగులుతో సహా!"

కొత్త మేజరు కారు దిగారు. దిగుతూనే ఉన్నారు, ఆయన అంత పొడుగు. ఏ గుమ్మంలోనైనా తల వంచి నడవవలసిన మనిషి. లారీకి తాడు బిగిస్తున్న మేస్త్రీ దగ్గరికి వెళ్ళారు.

"ఎవరిదయ్యా ఈ సామాను?"

"మేజరుగారిది."

"మేజర్ని నేను!"

మేస్త్రీ ఆయన్ని కిందనుంచి పైదాకా చూశాడు. "అయితే మీదే సార్," అన్నాడు.

ఆ తర్వాత కాసేపు అందరూ ఒకేసారి మాట్లాడారు. కొత్త మేజరు భార్య దొంగలంది. కోడలు, మా ఇంటి ముందుకొచ్చి మమ్మల్నే దొంగలంటారా అంటూ కుర్చీలోంచి లేచింది. అత్తగారు, లేవకే లేవకే అంటూ వెంటపడింది. పాప నిద్రలేచి రాగం అందుకుంది. ఈ గలాటా మధ్యలో కర్నలుగారి జీపు వచ్చి ఆగింది. అది పూర్తిగా ఆగకముందే మేజరుగారు దూకి భార్య దగ్గరికి పరుగెత్తారు.

"నాతో ఒక్క మాటైనా చెప్పాలనిపించలేదా నీకు?" అన్నారాయన.

"సైకిలు సంగతి మీరు చెప్పారా?"

"సైకిలుకీ దీనికీ పోలికా?"

"దీనికి అంటే దేనికి?"

కొత్త మేజరు భార్య ఇక ఉండబట్టలేక అరిచింది. "ముందు మా పాప ఉయ్యాల మా ముఖాన పడెయ్యండి, తర్వాత మీరు మీరు కొట్టుకోండి!"

అత్తగారు ఏడుస్తున్న పాపని చూసింది. లారీ మీది ఉయ్యాలని చూసింది. కోడలి పొట్ట చూసింది.

"అయితే ఆ ఉయ్యాల మీదా?"

"మాదే."

"మరి మా అమ్మాయికి..."

"నాకేంటి?" అంది కోడలు.

అత్తగారు మెల్లగా వెళ్ళి కోడలు ఖాళీ చేసిన కుర్చీలో కూర్చుంది. కాళ్ళు పైన పెట్టుకుంది.

విషయం పొరలు పొరలుగా విడిపోవడానికి కొంత సమయం పట్టింది. డ్రైవర్ని పిలిచారు, జవాన్లను పిలిచారు. ఇన్ని వింతలు చూస్తూ నోరెందుకు విప్పలేదని మేజరుగారు మేస్త్రీని నిలదీశారు. "పెద్దిళ్ళలో అన్నీ రెండేసి ఉంటాయనుకున్నానండీ," అన్నాడతను. కోడలికి మొదట కోపం వచ్చింది, తర్వాత సిగ్గు వచ్చింది, చివరికి ఆపుకోలేనంత నవ్వు వచ్చింది. ఆ నవ్వు చూసి కొత్త మేజరు భార్యకి కూడా వచ్చింది. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. ఆ సందడిలో పాపని అత్తగారి ఒళ్ళో ఎవరు పెట్టారో గానీ, పాప ఏడుపు ఆపేసింది.

కర్నలుగారు మాత్రం నవ్వలేదు. గొంతు సవరించుకున్నారు.

"ఒక చిన్న ఇబ్బంది ఉంది. బదిలీ నేను ఆపించేశాను."

అందరూ ఆయన వైపు తిరిగారు.

"అంటే మీరు ఇక్కడే ఉండొచ్చు. కావాలంటేనే సుమా. కాకపోతే వీళ్ళెక్కడ ఉంటారో నాకు తెలీదు. మళ్ళీ ఫోన్ చేసి వెళ్తారని చెప్పమన్నా చెబుతాను. సైన్యంలో ఇచ్చిన ఆర్డరు వెనక్కి తీసుకోరమ్మా, ఇంకో ఆర్డరు ఇస్తారు. ఏం చేద్దామంటారు?"

మేజరుగారు భార్య వైపు చూశారు. ఆవిడ నవ్వు ఆగిపోయింది. ఇక్కడే ఉండొచ్చు. పరుపులు విప్పొచ్చు. పిచ్చుకని మళ్ళీ అదే స్కూల్లో, అదే బెంచీలో కూర్చోబెట్టొచ్చు. పొద్దుటి నుంచీ గుండెలో గుచ్చుకుంటున్న ముల్లు దానంతట అదే ఊడిపోయినట్టనిపించింది.

"పిచ్చుకని అడగాలండీ," అంది.

వెనక మెట్టు మీద పిచ్చుక ఒక్కతే లేదు. కొత్త మేజరుగారి పెద్దమ్మాయి పక్కనే కూర్చుని ఉంది. కాలు ఒకచోట నిలవదని దాన్ని ఇంట్లో బొంగరం అంటారట. బొంగరం ఏడుపు ఆగింది గానీ ఎక్కిళ్ళు ఇంకా ఆగలేదు. ఇద్దరూ ఏదో తీవ్రంగా మాట్లాడుకుంటున్నారు. పెద్దవాళ్ళు తలుపు చాటునే ఆగిపోయారు.

"గేటు పక్కింట్లో అన్నదమ్ములు ఉంటారు," అంటోంది పిచ్చుక. "పెద్దోడు మంచోడు, సైకిలిస్తాడు. చిన్నోడు కొరుకుతాడు. కానీ బిస్కెట్టు ఇస్తే కొరకడు. నీకు రేపు చూపించలేను కాబట్టి నువ్వే వెళ్ళి పిచ్చుక పంపించిందని చెప్పు. వెంటనే ఆడుకోనిస్తారు."

"అక్కడ మా ఇంటి వెనక గోడకి కన్నం ఉంది," అంది బొంగరం వెక్కుతూ. "అందులోంచి అవతలింటి అమ్మాయితో మాట్లాడొచ్చు. రోజూ సాయంత్రం దానికి నేను కథ చెప్పేదాన్ని. మధ్యలో ఆగిపోయింది. నేను వచ్చేసినప్పుడు అది కిటికీ దగ్గరకి కూడా రాలేదు."

"ఎక్కడిదాకా చెప్పావు?"

"రాజుగారి ఏనుగు బావిలో పడేదాకా."

"తర్వాత ఏమవుతుంది?"

బొంగరం చెవిలో చెప్పింది. పిచ్చుక శ్రద్ధగా విని తలూపింది.

తలుపు చాటున కోడలు కొత్త మేజరు భార్యని మెల్లగా అడిగింది. "మీరు ఏ ఇంట్లోంచి వస్తున్నారండీ?"

"మీరు వెళ్తున్న ఇంట్లోంచే కదా! మీ ఆయన చోట్లోకి మా ఆయన, మా ఆయన చోట్లోకి మీ ఆయన. మీకు తెలీదా?"

కోడలు భర్త వైపు తిరిగింది. ఆ సంగతి మేజరుగారికి నెల్లాళ్ళుగా తెలుసు. అది ఇంట్లో చెప్పదగ్గ విషయమని ఆయనకు తోచలేదు. ఆయన ఎదుటి గోడని పరీక్షగా చూడసాగారు.

"పిచ్చుకా," అని పిలిచింది తల్లి. "కర్నల్ అంకుల్ మనల్ని ఇక్కడే ఉండిపొమ్మంటున్నారు. వెళ్ళక్కర్లేదట. ఉండిపోదామా?"

పిచ్చుక లేచి నిలబడింది. ఒక్క క్షణం కళ్ళు మెరిశాయి. గేటు వైపు చూసింది, స్కూలు దారి వైపు చూసింది. తర్వాత బొంగరం వైపు చూసింది. పుస్తకాల సంచీ భుజానికి తగిలించుకుంది.

"కుదరదమ్మా. నాకక్కడ పనుంది."

కర్నలుగారు వెనుదిరిగారు. జీపులోకి వెళ్ళి ఫోన్ అందుకున్నారు. మేజరుగారి భార్య చాలాసేపు కొంగు చివరతో కళ్ళలో ఏదో నలక తీసుకుంది.

ఇక మిగిలింది సామాను. రైలు వేళ దగ్గరపడుతోంది. మొత్తం దించి, ఎవరిది ఎవరిదో ఏరి, మళ్ళీ ఎక్కించే వ్యవధి లేదు. అప్పుడు ఇద్దరు ఇల్లాళ్ళూ లారీ పక్కన నిలబడి, ఇద్దరు మేజర్లనూ దూరంగా పెట్టి, సంప్రదింపులు జరిపారు.

"అక్కా, మా బీరువా ఆ ఇంట్లోంచే వచ్చింది. ఆ గోడకి అతికినట్టు ఉండేది. ఇప్పుడు మీ లారీ అడుగున ఉంది. దాన్ని తీయాలంటే తెల్లారుతుంది."

"అయితే ఉంచెయ్యండి. మా బీరువా ఇంకా పడగ్గదిలోనే ఉంది, కూలీలు దాని జోలికే వెళ్ళలేదు. మీరు వాడుకోండి. మంచాలూ అంతే. మీ మంచాలు మాకు, మా మంచాలు మీకు."

"మా సైకిలు?"

"అది మీ ఆయనకి ఇచ్చెయ్యమ్మా. లేనిపోని ఆశలు పెట్టుకున్నాను."

బీరువాల తాళాలు చేతులు మారాయి. ఉయ్యాల, సైకిలు, అద్దం, జవాన్లు ట్రక్కులోకి మార్చినవీ దిగాయి. కొన్ని పెట్టెలు ఎక్కాయి. రైలుకి ఇంకా సమయం ఉండగానే అందరూ గేటు దగ్గర నిలబడ్డారు. అత్తగారు పాపని తల్లికి అందిస్తూ, తన చేతి సంచీలోంచి ఒక పాత గడియారం తీసి పాప పొత్తిళ్ళలో పెట్టింది. కోడలు చూసింది. అత్తగారి మీద ఆ రోజు ఆవిడకు వచ్చినంత ప్రేమ ముందెన్నడూ రాలేదు. సంధి ప్రకారం ఏమీ అనలేదు.

కొత్త ఊళ్ళో ఇల్లు చిన్నదే గానీ వెలుతురున్నది. పడగ్గది గోడ మీద ఒకచోట సున్నం వెలిసిపోకుండా నిలువుగా తెల్లటి మచ్చ ఉంది. కూలీలు బీరువా తెచ్చి ఆనిస్తే ఆ మచ్చ కనపడకుండా పోయింది. పిచ్చుక ఇల్లు చూడకుండానే వెనక గోడ దగ్గరికి పరుగెత్తింది. కాసేపటికి అక్కణ్ణుంచి దాని గొంతు వినపడింది. ఏనుగు బావిలోంచి పైకి వస్తున్నట్టుంది. అటువైపు నుంచి ఎవరో కిలకిలా నవ్వారు. తల్లి వంటింటి కిటికీ దగ్గర నిలబడి, చేతిలో గిన్నె అలాగే పట్టుకుని విన్నది.

మర్నాడు పొద్దున్నే, మేజరుగారు డ్యూటీలో చేరడానికి స్నానం చేసి వచ్చే వేళకి ఫోన్ మోగింది. కొత్త మేజరు భార్య.

"అక్కా, అంతా బాగానే ఉంది. బొంగరాన్ని చిన్నోడు కొరకలేదు. కానీ మీ బీరువా తెరిస్తే మీ ఆయన యూనిఫాములన్నీ వేలాడుతున్నాయేంటి?"

కోడలు అత్తగారి వైపు చూసింది. "ఇస్త్రీ నలగకూడదని బయల్దేరిన రోజు పొద్దున్నే నేనే తగిలించానే," అంది అత్తగారు. "మంచి పనేగా?"

ఒంటి మీద వచ్చిన ఒక్క జత రాత్రి నుంచీ బకెట్లో నానుతోంది. కోడలు గబగబా వెళ్ళి వాళ్ళ బీరువా తాళం తీసింది. లోపల కొత్త మేజరు యూనిఫాములు, ఒక్క మడతైనా లేకుండా, నేలదాకా వేలాడుతున్నాయి. వాటిని ఆయన స్వయంగా తగిలించుకున్నారట, ఇస్త్రీ నలగకూడదని.

ఆ ఉదయం రెండు ఊళ్ళలో ఇద్దరు మేజర్లు ఒకరి యూనిఫాంలో ఒకరు డ్యూటీలో చేరారు. ఒకరి ప్యాంటు మైదానమంతా ఊడ్చుకుంటూ వెళ్ళింది, ఇంకొకరిది మోకాలు దిగి ఆగిపోయింది. రెండు యూనిట్లలోనూ ఒక్కరు కూడా పైకి నవ్వలేదు. సైన్యంలో క్రమశిక్షణ అంటే అదే.